కాబోయే పేరు

పిన్ని పోయిన ఐదో రోజున బాబాయ్ ఫోన్ చేశాడు. నేను అప్పుడే రెండో పీరియడ్ ముగించుకుని, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ స్టాఫ్ రూమ్‌లోకి వస్తున్నాను.

“అమ్మాయ్, పెద్దకర్మ కార్డు అచ్చుకిచ్చాం. కింద మీ పిన్ని బ్లాగు పేరు కూడా వేయిస్తన్నాం. నువ్వొకసారి వచ్చి ఆ పేరు సరిజేసి పోవాల. కార్డు మీదేమో ‘మా ఇంటి కుట్లు’ అని ఉండి, తీరా జనం ఫోన్లో చూస్తే ‘మా ఇంటి కుట్రలు’ అని కనపడితే ఏం బాగుంటది? మా అన్నయ్య మరీమరీ చెప్పమన్నాడు.”

“వస్తాను బాబాయ్” అనేశాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే కోపం వచ్చింది. తొమ్మిదేళ్ళపాటు ఆవిడ ఎవరినీ ముట్టుకోనివ్వని పేరు, ఆవిడ పోయిన ఐదో రోజుకే మారుస్తానని ఒప్పుకున్నాను. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ పేరు మార్చాలని అందరికంటే ఎక్కువ తహతహ నాదే. ఆ తప్పు చేసింది నేనే. పైగా నేను పిల్లలకి తెలుగు చెప్పుకుని బతుకుతున్నదాన్ని.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. అంత బ్లాగు రాసి ఎక్కడా తన పేరు పెట్టుకోని మనిషికి నేను పెట్టడం బాగుండదు. నాకు రక్తసంబంధం కూడా ఏమీ లేదు. నరసరావుపేటలో నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు వాళ్ళ మేడ మీద వాటాలో అద్దెకి దిగాను. ఏడేళ్ళున్నాను. మాచర్ల కాలేజీకి మారేనాటికి ఆవిడ నాకు పిన్ని, ఎరువుల షాపు నడుపుకునే వాళ్ళాయన బాబాయ్ అయిపోయారు.

సన్నటి మనిషి. కళ్ళజోడుకి కాడ విరిగితే ఎర్రదారం చుట్టి వాడేది. ఎడమ భుజం దగ్గర పైటకి ఎప్పుడూ రెండు సూదులు గుచ్చి ఉండేవి, ఒకదానికి తెల్లదారం, ఒకదానికి నల్లదారం. పెళ్ళిళ్ళకి పట్టుచీర కట్టినా అవి అక్కడే ఉండేవి. ఎవరైనా ఆప్యాయంగా కౌగిలించుకోబోతే “ఆగాగు, ఈ పక్క గాదు, ఆ పక్క” అని భుజం తిప్పేది.

ఇల్లు చూసుకోవడానికి వెళ్ళిన రోజున అందరూ అడిగినట్టు ‘ఏం చేస్తుంటావు’ అని అడగలేదు. నన్ను కిందినుంచి పైదాకా చూసి “నువ్వేం చెయ్యబోతన్నావే?” అంది. నాకర్థం కాక, తెలుగు లెక్చరర్‌గా చేరానన్నాను. “అది చేసేది గదా. చెయ్యబోయేది అడుగుతన్నా” అంది. మర్నాడు సామాను తీసుకుని వెళ్ళేసరికి నా గది తలుపు మీద, దెబ్బలకి అంటించే తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద మార్కర్‌తో ‘కాబోయే టీచరమ్మ గది’ అని రాసి ఉంది.

ఆ ఇంట్లో అన్నీ కాబోయేవే. మనం డబ్బాల మీద లోపల ఏముందో రాసుకుంటాం. కందిపప్పు, చింతపండు, మెంతులు. వంటింట్లో ఆవిడా అలాగే రాసేది. కానీ వసారాలో కుట్టు మిషను పక్కనున్న బీరువా నిండా మిఠాయి పెట్టెలు, చెప్పుల పెట్టెలు వరసగా ఉండేవి. వాటి మీద లోపల ఏముందో ఉండదు. అది ఏమవబోతోందో ఉంటుంది. పాత చీర ముక్కలున్న పెట్టె మీద ‘కాబోయే బొంత, దసరా లోపు’. యూరియా బస్తా కత్తిరించి మడిచి పెట్టిన పెట్టె మీద ‘కాబోయే మొక్కల సంచులు, వానలకి ముందు’. చెప్పిన గడువుకి కాకపోతే ఆ పెట్టెలోది పాత సామాన్లవాడికి పోతుంది, ఆవిడకి ఎంత ఇష్టమైనా సరే. పని అయితే మాత్రం ఖాళీ పెట్టె లోపల ‘అయింది’ అని కొత్త ముక్క అంటించి, దాన్ని మరో ‘కాబోయే’ కోసం పై అరలో పెట్టేది.

బయటివాళ్ళకి ఆ ‘కాబోయే’ నవ్వు తెప్పించేది. మన దగ్గర ఆ మాట పెళ్ళిచూపులయ్యాక అల్లుడి గురించి అంటాం కదా. ఆవిడ చిరిగిన తువ్వాలు గురించి అనేది. ఒకసారి బాబాయ్ చొక్కా కాలరు అరిగిపోయిందని గమనించి, లోపలి వైపు ‘కాబోయే మసిగుడ్డ, ఉగాది లోపు’ అని అంటించి, మళ్ళీ కొంకికే తగిలించింది. ఆయన చూసుకోకుండా అది వేసుకుని షాపుకి వెళ్ళాడు. మధ్యాహ్నం ఉక్కకి కాలరు వెనక్కి మడుచుకున్నాడట, ఎరువుకొచ్చిన రైతులందరూ చదివారు. సాయంత్రం ఇంటికొచ్చి “ఏమే, నన్నెప్పుడు మసిగుడ్డ చేస్తావో కూడా రాసిపెట్టావా?” అని అరిచాడు. పిన్ని చొక్కా విప్పించుకుని కాలరు పరీక్షగా చూసింది. “ఉగాది దాకా ఆగదు, రేపే చేస్తా” అంది.

ఇంత పని ఎప్పుడు చేస్తుందా అని నాకు మొదట్లో ఆశ్చర్యంగా ఉండేది. ఆ ఇంట్లో పనిమనిషి లేదు. బాబాయ్‌కి పొద్దున్నే టిఫిను, పదింటికి షాపుకి టీ ఫ్లాస్కు, ఒంటిగంటకి క్యారేజీ. తర్వాత తెలిసింది. ఆవిడ టైము గడియారంతో కాక కుట్లతో కొలుచుకునేది. స్టవ్ పక్కన గోడకి ఒక చిన్న గుడ్డసంచి వేలాడుతుండేది. పాలు పొయ్యి మీద పెట్టగానే అందులోంచి ఏదో ఒక ముక్క తీసేది. పాలు పొంగేలోపు నలభై కుట్లు. కుక్కరు మూడు విజిళ్ళకి ఒక చేతిగుడ్డ అంచు. కుళాయి వచ్చి డ్రమ్ము నిండేలోపు రెండు బొత్తాం కాజాలు. బాబాయ్‌కి వాళ్ళన్నయ్య ఫోన్ చేశాడంటే ఒక దిండు గలీబు మొత్తం. “మా బావగారు మాట్లాడినంతసేపు నాకు దిండ్లకి లోటుండదే” అనేది.

కుట్టు వంకరపోతే విప్పే మనిషి కాదు. నేను నేర్చుకునేటప్పుడు నావన్నీ వంకరే. సిగ్గుపడి విప్పబోతే చెయ్యి పట్టుకునేది. గుడ్డ రెండు కొసలూ పట్టి గట్టిగా లాగి చూసేది. ఊడితే “విప్పు” అనేది. ఊడకపోతే “నిలబడింది గదా. ఉండనియ్” అనేది. ఆ ‘ఉండనియ్’ అనేటప్పుడు గడ్డం కొంచెం పైకెత్తేది. ఇక దాని మీద మాట లేదని అర్థం.

బ్లాగు సంగతి నేనే ఎత్తాను. ఆవిడ పని చూసి చూసి, ఇవన్నీ ఫోటోలు తీసి రాయొచ్చు కదా పిన్నీ, ఊరకే పెట్టుకోవచ్చు అన్నాను. పదో తరగతి దాకా చదువుకుంది. అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయి. మూడో రోజు క్యాలెండర్ కాగితాల వెనక ఎనిమిది పేజీలు రాసి పట్టుకొచ్చి, “గురువారం నాలుగింటికి ఖాళీగా ఉంటా. వారం వారం అప్పుడే పెడదాం. ఒక్క వారం కూడా తప్పకూడదు” అంది. పేరు కూడా అనుకుని వచ్చింది. మా ఇంటి కుట్లు.

నేను నా ఫోన్లో అన్నీ సిద్ధం చేసి, పేరు కొట్టాను. కుట్లు అని కొడుతుంటే ఫోను కింద మూడు మాటలు చూపించింది, ఇది కావాలా, అది కావాలా అని. తొందరలో నా వేలు పక్కమాట మీద పడింది. చూసుకోలేదు. మూడు వారాల తర్వాత చూస్తే, నేనూ పిన్నీ తప్ప ఎవరూ చదవరనుకున్న బ్లాగుకి జనం వస్తున్నారు. కాజా కుట్టడం గురించి రాసిన పోస్టు కింద ఒకాయన “ఏ మండలం అండీ? అన్నదమ్ముల గొడవా, పార్టీ గొడవా?” అని రాశాడు. ఇంకొకాయన “మీ ధైర్యానికి జోహార్లు, పేర్లతో సహా రాయండి” అన్నాడు. అప్పుడు పైకి చూశాను. మా ఇంటి కుట్రలు.

నాకు తల కొట్టేసినట్టయింది. పరుగున కిందికి వెళ్ళి చెప్పాను. పిన్ని ఫోన్ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, పేరు చదివి, కామెంట్లు చదివి, మిషను మీద తల వాల్చి నవ్వింది. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మార్చేస్తాను పిన్నీ, ఒక్క నిమిషం పని అన్నాను. పేరు రెండు చివర్లూ పట్టి లాగి చూస్తున్నట్టు కాసేపు ఫోను వంకే చూసింది. “ఏమే, కొట్లాట చూద్దామని వచ్చినోళ్ళు కాజా కుట్టటం నేర్చుకుని పోతన్నారు గదా. ‘కుట్లు’ అని పెడితే ఎవరొస్తారు? ఉండనియ్” అంది.

నిజంగానే నేర్చుకుని పోయారు. కృష్ణ అవతలి గట్టునుంచి ఒకామె “అక్కా, గీ సంచికి జిప్పు ఎట్ల పెట్టాలె?” అని అడిగేది. పిన్ని ప్రతి పోస్టు చివరా ‘ఎక్కడ చెడింది’ అని ఒక ముక్క తప్పకుండా రాసేది. గంజి ఎక్కువై గుడ్డ అట్టకట్టింది, కొలత తప్పి దిండుకి గలీబు పట్టలేదు, ఇలాంటివి. జనానికి అదే ఎక్కువ నచ్చేది.

బావగారి గొడవ రెండో ఏడు వచ్చింది. బావగారంటే బాబాయ్ వాళ్ళన్నయ్య. నేను ఆయన్ని పెదనాన్నగారూ అని పిలిచేదాన్ని గాని, పిన్ని నోట విని విని ఆయన నాకు మనసులో బావగారే. రాజుపాలెం దగ్గర పల్లెలో పొలం, ఇల్లు. తెల్లటి మీసం, తెల్లటి ఖద్దరు, ఊళ్ళో నలుగురూ మాట వినే మనిషి. ఆ ఏడు సర్పంచిగా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే పిన్ని ‘పాత ఫ్లెక్సీతో ఐదు పనులు’ అని పోస్టు పెట్టింది. అందులో ఒక పని, ఎండుమిరపకాయలు ఆరబోసుకోవడం. ఫోటోలో డాబా మీద ఫ్లెక్సీ పరిచి ఉంది. అది ఎప్పటిదో బావగారి సంక్రాంతి శుభాకాంక్షల ఫ్లెక్సీ. చేతులు జోడించి నవ్వుతున్న ఆయన బొమ్మ మీద, సరిగ్గా రెండు కళ్ళ మీదా, తొడిమలు తీసిన మిరపకాయలు కుప్పగా ఉన్నాయి. దాని పైన పెద్దక్షరాలతో, మా ఇంటి కుట్రలు.

అవతలి పార్టీవాళ్ళకి అంతకంటే ఏం కావాలి? ఇంట్లోవాళ్ళే కళ్ళల్లో కారం కొట్టారు చూడండని ఆ ఫోటో ఊరంతా ఫోన్లలో తిప్పారు. బావగారు మోటార్‌సైకిల్ వేసుకుని తిన్నగా పేటకి వచ్చాడు.

“ఏందమ్మా ఇది? మన ఇంట్లో కుట్రలేంది? నా కళ్ళల్లో కారమేంది?”

పిన్ని స్టవ్ ముందు నిలబడి ఉంది. పాల మీద ఒక కన్ను, చేతిలో గుడ్డ. పాలు పొంగి, స్టవ్ కట్టేసి, దారం పళ్ళతో తెంపాకగాని బయటికి రాలేదు.

“కూర్చోండి బావగారూ. అవి కుట్రలు గాదు, కుట్లు. పొరపాటున రావత్తు పడింది.”

ఎవరి పొరపాటో చెప్పలేదు. నేను మెట్ల మీద నిలబడి వింటున్నాను. నా వైపు కనీసం చూడలేదు. ఆ రోజు నా పేరు చెప్పి ఉంటే నా అద్దె ఇల్లు ఆ సాయంత్రమే ఖాళీ అయ్యేది.

“రావత్తో, క్రావడో! ఆ ఒక్క క్రావడికి నాకెన్ని ఓట్లు ఊడతయ్యో తెలుసా నీకు? తీసెయ్. నా కళ్ళముందే తీసెయ్.” పాత బడిలో చదువుకున్నవాడు, రావత్తుని ఆయన క్రావడి అనేవాడు.

“ఫోటో తీసేస్తా. అది నా తప్పే. మీ మొహం కిందికి పెట్టి పరవాల్సింది. రాసింది మాత్రం ఉంటది.”

“పేరో?”

“పేరు చూద్దాం.”

ఆయన ఓడిపోయాడు. ఓడిపోవడానికి ఊళ్ళో వంద కారణాలు ఉండి ఉంటాయి. ఆయన మాత్రం పిన్ని వల్లే అన్నాడు. ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. బాబాయ్ తండ్రి లేని మనిషి, అన్నయ్యే పెంచాడు. రాత్రుళ్ళు నిద్రపోలేక, పొద్దున అన్నం సరిగ్గా తినలేక చిక్కిపోయాడు. ఒకరోజు నేను అద్దె ఇవ్వడానికి కిందికి వెళ్ళేసరికి ఆయన పిన్నిని బతిమాలుతున్నాడు.

“అన్నయ్య లేకండా నాకు పండగ లేదు, పబ్బం లేదు. కుట్టుకో, ఎవరొద్దన్నారు? కుట్టిందంతా రాయటం దేనికే? తీసెయ్, నా మాట విని.”

నాకు అక్కడ నిలబడాలో, వెనక్కి పోవాలో తెలియలేదు. పిన్ని చేతిలో పని పక్కన పెట్టింది. ఆవిడ చేతిలో పని లేకుండా మాట్లాడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

“పొద్దున నేను చేసిన ఇడ్లీ పది గంటలకి ఉండదు. తోమిన గిన్నె మధ్యానానికి మళ్ళీ అంటు. ఊడ్చిన వసారా సాయంత్రానికి మళ్ళీ దుమ్ము. ముప్ఫయ్యేళ్ళ నుంచీ ఈ ఇంట్లో నేను చేసింది ఏదీ మర్నాటికి మిగల్లా. ఇదొక్కటే తెల్లారి లేచి చూస్తే పెట్టిన చోట పెట్టినట్టు ఉంటంది. మీ అన్నయ్య కాళ్ళు పట్టుకోమను, పట్టుకుంటా. ఇది తియ్యమంటే మాత్రం తియ్యను.”

నేనే ఉండబట్టలేక, కనీసం పేరన్నా సరిచేస్తాను పిన్నీ, తప్పు నాది, గొడవ మీకు అన్నాను. నా వైపు తిరిగి “నీకు స్పెల్లింగు బాధ. నీ తప్పుకే గదా ఇంతమంది వచ్చింది. అయినా నేను చేస్తంది కుట్ర గాక ఏందే? మీ బాబాయ్ పంచె ఆయనకి తెలియకండానే దిండు గలీబయింది” అంది. ఆ మాటకి బాబాయ్ కూడా నవ్వేశాడు. ఆ గురువారం నాలుగింటికి పోస్టు పడింది. ఎప్పటిలాగే.

బావగారిని ఇంటికి రప్పించింది కూడా పిన్నే. ఆయనకి పొలం గట్టు తగాదా ఒకటి పేట కోర్టులో ఏళ్ళ తరబడి నడుస్తోంది. వాయిదా ఎప్పుడో కనుక్కుని, క్యారేజీ కట్టుకుని కోర్టు దగ్గరికే వెళ్ళింది. కూడా ఒక చెప్పుల పెట్టె పట్టుకెళ్ళింది. దాని మీద తెల్ల ప్లాస్టర్, ‘కాబోయే పేరు’.

“పేరు మారుద్దాం బావగారూ. నాకు తోచట్లా. ఇంటికి పెద్దోరు మీరు, మీరే పెట్టండి. తోచినప్పుడల్లా ఒక కాగితం మీద రాసి ఇందులో వెయ్యండి. మంచిది దొరకంగానే మారుస్తా.”

ఆ పెట్టె మీద గడువు రాయలేదని ఆ రోజు నేను గమనించలేదు. ఆ బీరువాలో గడువు లేని పెట్టె అదొక్కటే.

అప్పటినుంచి వాయిదాకి వచ్చినప్పుడల్లా బావగారు ఇంటికి భోజనానికి వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, పెట్టె తెప్పించుకుని, జేబులోంచి రెండు మూడు చీటీలు తీసి అందులో వేసేవాడు. వేసే ముందు గట్టిగా చదివి వినిపించేవాడు. ‘గృహకళా నిలయం.’ ‘మహిళా కుట్టు వికాస మాలిక.’ ‘సూది చెప్పిన సుద్దులు.’ పిన్ని గుడ్డ కుడుతూ శ్రద్ధగా వినేది. “బాగుంది బావగారూ. ఇంకా చూద్దాం” అనేది. ఆయన విసుక్కుంటే “కోర్టువాళ్ళకి ఇరవయ్యేళ్ళిచ్చారు, నాకు నాలుగేళ్ళివ్వరా?” అనేది. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసిన ఏడాది పిన్ని బావగారికి ఒక చేసంచి కుట్టి ఇచ్చింది. ఆయన పాత ఖద్దరు పంచెతోనే. అడుగు గట్టిగా, కింద పెడితే ఒరగకుండా నిలబడేది. కోర్టు కాగితాలు, మందులు అన్నీ అందులోనే. ఇచ్చేటప్పుడు మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పింది. “ఉతకమాకండి బావగారూ. నీళ్ళు తగలనియ్యమాకండి. మురికైతే పొడిగుడ్డతో తుడవండి, అంతే.” ఆయన ఎందుకని అడగలేదు. పెట్టె నిండిపోయింది, ఇక అందులోంచే ఎంచుతానని కూడా ఆ రోజే చెప్పింది.

ఇవన్నీ తలుచుకుంటూ మాచర్ల నుంచి బస్సులో పేటకి వెళ్ళాను. హాల్లో పిన్ని ఫోటోకి దండ. ఎవరు తీసిన ఫోటోనో గాని, అందులో కూడా భుజం మీద సూదులు కనిపిస్తున్నాయి. బావగారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ఆ సంచి. డెబ్బై దాటిన మనిషి, ఈమధ్య మరీ వంగిపోయాడు. టీపాయ్ మీద కార్డు నమూనా పెట్టి ఉంది. కింద చిన్నక్షరాలతో ‘మా ఇంటి కుట్లు’ అని చక్కగా, ఏ తప్పూ లేకుండా ఉంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పేరు అలా చూసి, సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమేసింది.

“కుట్లన్నా పెట్టు, లేకపోతే నేనిచ్చినయ్ బోలెడున్నయ్, అందులోది ఒక మంచిది చూసి పెట్టు. నీకు తెలుస్తది గదా. రేయ్ తమ్ముడా, ఆ పెట్టె తే” అన్నాడు బావగారు.

బాబాయ్ బీరువాలోంచి ‘కాబోయే పేరు’ పెట్టె తెచ్చాడు. మూత తీశాడు. ఒక్క చీటీ లేదు. లోపల అడుగున తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి ఉంది, ‘అయింది’ అని.

బావగారు పెట్టె చేతుల్లోకి తీసుకుని, తిప్పి, మళ్ళీ లోపలికి చూశాడు.

“పారేసిందా?” అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు అంత కష్టం అనిపించేది కాదు. “ఐదేళ్ళు రాశా అమ్మాయ్. వాయిదాకి పోతా పోతా కూడా అదే ఆలోచన. నాకు ముందే చెప్పొచ్చు గదా, వద్దని.”

నేను ఫోన్ తీసి బ్లాగు తెరిచాను. దాని పాస్‌వర్డ్ ఆవిడ మిషను కింద ప్లాస్టర్ మీద రాసి పెట్టుకుంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. పేరు మార్చే చోటికి వెళ్ళబోతుంటే, పక్కన పోస్టు చెయ్యకుండా దాచుకున్నవి కనిపించాయి. పదకొండు. పిన్ని వాటిని కూడా కాబోయేవి అనే అనేది. అన్నిటికంటే పాతదాని పేరు ‘బావగారి సంచి’. సంచి ఇచ్చిన నెలలోనే రాసింది.

“పెదనాన్నగారూ, మీ గురించి ఒకటి రాసింది. చదవనా?” అన్నాను. ఆయన పెట్టె పక్కన పెట్టాడు. చదివాను.

“అడుగు నిలబడే సంచి. కావలసినవి: పాత ఖద్దరు పంచె ఒకటి, గంజి, గుప్పెడు మెంతిపిండి, చిన్న కాగితం ముక్కలు ఒక పెట్టెడు. ఊరికే దొరికే కాగితాలు వద్దు. నావి మా బావగారు రాసిచ్చిన చీటీలు. ఈ బ్లాగుకి మంచి పేరు వెతికిపెట్టమంటే ఐదేళ్ళుగా వెతుకుతున్నారు. కోర్టు మెట్ల మీద కూర్చుని రాసినవి తిన్నగా ఉంటాయి. బస్సులో రాసినవి వంకరగా ఉంటాయి, చూడగానే తెలిసిపోతుంది. నాకు సంబంధం చూసినవాళ్ళు కూడా నా గురించి ఇన్నిసార్లు ఆలోచించి ఉండరు. వీటిని పేరుగా పెట్టుకోవడానికి నాకు మనసు రాదు. పారేయడానికి చెయ్యి రాదు. పెట్టెలో ఉంచితే చెదలు తింటాయి. అందుకని గంజిలో మెంతిపిండి కలిపి, ఒకదాని మీద ఒకటి అతికించి, రోకలిబండ బరువు పెట్టి నాలుగు రోజులు ఆరబెట్టాను. అట్ట తయారైంది. దాన్ని రెండు గుడ్డల మధ్య పెట్టి చుట్టూ కుట్టేశాను. ఇప్పుడు ఆయన కాగితాలు ఆయన రాసిన పేర్ల మీదే నిలబడతాయి.”

ఆగి, మంచినీళ్ళు తాగి, మిగిలింది చదివాను.

“ఎక్కడ చెడింది: సంచి చెడలేదు. చీటీల్లో రెండు మూడు పేర్లు మాత్రం నిజంగానే బాగున్నాయి. అతికించేటప్పుడు చెయ్యి ఆగింది. ఆయనకి ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు, అదే చెడింది. ఈ పోస్టు ఇప్పుడే పెట్టను. సంచి చినిగి, బాగుచెయ్యమని ఆయన తెచ్చిన రోజు పెడతాను. చినగకుండా కుట్టాను మరి.”

బావగారు సంచిలోని కాగితాలు, మందుల డబ్బా ఒక్కొక్కటే తీసి టీపాయ్ మీద పెట్టాడు. ఖాళీ సంచి బోర్లించి, అడుగు మీద బొటనవేలితో మెల్లగా తట్టాడు. అట్ట చప్పుడు వచ్చింది. మళ్ళీ తట్టాడు.

“అందుకా తడపొద్దంది” అన్నాడు. ఆ మనిషి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడూ పూర్తిగా చూడలేకపోయాను. నాకే కళ్ళు మసకలు కమ్మాయి. బాబాయ్ లేచి, పనేమీ లేకపోయినా వంటింట్లోకి వెళ్ళాడు.

కాసేపటికి బావగారు “పెన్నియ్యి” అన్నాడు. ఇచ్చాను. కార్డు నమూనా ఒళ్ళోకి తీసుకుని, సంచి అడుగు ఎత్తుపీటలా పెట్టుకుని, ‘కుట్లు’ కొట్టేశాడు. పక్కనే కు రాశాడు, ట రాశాడు. రెండో చెయ్యి ఆనించి, ట కిందనుంచి రావత్తు చుట్టి పైకి తెచ్చాడు. లు రాశాడు. కార్డు నా ముందు పెట్టాడు.

“చూడు టీచరమ్మా. క్రావడి సరిగ్గా పడిందా?”

“పడింది పెదనాన్నగారూ. కొంచెం వంకరపోయింది.”

ఆయన కార్డు మళ్ళీ తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“నిలబడింది గదా. ఉండనియ్” అన్నాడు.